జత బాతుల పెంపకం, మచ్చిక: మొదటి రోజు నుంచి పాటించవలసిన క్రమం

శ్రీకాకుళం, విజయనగరం వైపు పెరడు ఉన్న ఇళ్ళవారు బాతుల గురించి నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. రెండు బాతులను తెచ్చుకున్నాం, వేళకు తిండి పెడుతున్నాం, అయినా చేయి చాపితే చాలు పెరడంతా పరుగులు తీస్తాయి, వీటిని మచ్చిక చేసుకోవడం ఎలా?

బాతును పట్టుకుని మచ్చిక చేయలేము. అది తనంతట తాను మన దగ్గరికి వచ్చేలా ఏర్పాటు చేయాలి. చలికి వణికిన పిల్ల, ముక్కు కడుక్కోవడానికి నీరు దొరకని బాతు, రాత్రి ముంగిస అలికిడికి బెదిరిన బాతు మనిషి చేతిని నమ్మవు. అందుకే ఈ మార్గదర్శిలో గూడు, నీరు, తిండి ముందు వస్తాయి, మచ్చిక తర్వాత వస్తుంది. ఆ వరుస మార్చకండి.

## 1. తెచ్చేముందు తేల్చుకోవలసినవి

ఒక్క బాతును ఎన్నడూ తేవద్దు. మంద పక్షి కనుక ఒంటరిగా ఉంటే రోజంతా అరుస్తుంది, తిండి తగ్గిస్తుంది, మనిషి కనుమరుగైతే కంగారు పడుతుంది. రెండు అన్నది కనీస సంఖ్య.

ఆ రెండూ ఆడవైతే మేలు. "జత" అనగానే ఒక మగ, ఒక ఆడ అనుకోవడం సహజమే గానీ, ఒకే ఆడబాతు ఉన్నచోట మగబాతు దానిని పదేపదే తొక్కుతుంది. మెడ వెనుక ఈకలు ఊడి చర్మం కనిపిస్తుంది, ఒక్కొక్కసారి పుండు పడుతుంది. రెండు మగబాతులు కూడా, దగ్గరలో ఆడబాతు లేకపోతే, సాధారణంగా సర్దుకుపోతాయి. ఇప్పటికే మగ, ఆడ జత ఉన్నవారు ఇంకా రెండు మూడు ఆడబాతులను చేర్చాలి, లేదా రెండింటి మధ్య జల్లెడ (కన్నాల ఇనుపవల) కట్టి రోజులో కొంతసేపు వేరుగా ఉంచాలి.

చిన్నపిల్లల్లో ఆడ, మగ తేడా చూపుకు అందదు. అయిదు నుంచి ఎనిమిది వారాల మధ్య గొంతు మారుతుంది: ఆడది గట్టిగా, స్పష్టంగా "క్వాక్" అంటుంది, మగదాని గొంతు బొంగురుగా, లోలోపల గొణిగినట్టు ఉంటుంది. ఈకలన్నీ వచ్చాక మగదాని తోక మీద ఒకటి రెండు ఈకలు పైకి మెలితిరిగి కనిపిస్తాయి. మస్కోవీ బాతులకు మాత్రం ఈ గుర్తులు సరిపోవు. అమ్మేవారితో ముందే మాట్లాడుకుని, మగది తేలితే మార్చి ఇచ్చేలా ఒప్పించుకోండి.

ఏ రకం? ఖాకీ క్యాంప్‌బెల్ గుడ్లకు పేరుపడ్డది, చురుకైనది, కాస్త బెదురు ఎక్కువ. వైట్ పెకిన్ నెమ్మదిగా ఉంటుంది, త్వరగా దగ్గరవుతుంది, కానీ బరువు వల్ల పాదాలకు పుండ్లు పడతాయి, మన ఎండకు తొందరగా డస్సిపోతుంది. నాటు బాతులు మన వాతావరణానికి అలవాటు పడినవి. మొదటిసారి పెంచేవారికి నేను వీటినే సూచిస్తాను. వయసు విషయంలో పది రోజుల నుంచి మూడు వారాల పిల్లలు మంచివి. మరీ పసివాటికి ఉండే ప్రమాదం వీటికి తగ్గి ఉంటుంది, మనిషికి అలవాటు పడే వయసు దాటిపోయి ఉండదు.

ఒక హెచ్చరిక. చెరువు గట్టున, వరిమడిలో దొరికిన అడవి బాతు పిల్లలను పిల్లలు ముచ్చటపడి తెస్తుంటారు. చిలువ బాతు, మచ్చల ముక్కు బాతు వంటి అడవి జాతులను ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. తల్లి సాధారణంగా అక్కడే దాగి ఉంటుంది కనుక, వాటిని దొరికినచోటే వదలాలి.

కొనేటప్పుడు చూడవలసినవి:

- కళ్ళు నిగనిగలాడుతూ ఉండాలి. నీరు, పుసి కారకూడదు.
- ముక్కు రంధ్రాలు శుభ్రంగా ఉండాలి.
- నేల మీద వదిలితే కుంటకుండా నడవాలి.
- తోక కింద ఈకలకు రెట్ట అంటుకుని ఉండకూడదు.
- రెండూ ఒకే మందలో పెరిగినవై ఉండాలి.

## 2. బాతులు రాకముందే గూడు సిద్ధం చేయడం

బాతు నేల మీద పడుకుంటుంది, కోడిలా కొమ్మ ఎక్కదు. కాబట్టి రాత్రి గూడు నేలకు దగ్గరగా, ఒక్కొక్క బాతుకు కనీసం నాలుగు చదరపు అడుగుల చోటుతో ఉండాలి. గుమ్మం ఎత్తుగా ఉంటే ఏటవాలు పలక పెట్టండి; పలక జారకుండా దాని మీద గోనెపట్టా బిగించండి.

గాలి పైనుంచి ఆడాలి, కింద పడుకున్న బాతుకు నేరుగా తగలకూడదు. బాతుల రెట్టలో నీరు ఎక్కువ, ఊపిరిలో కూడా తేమ ఎక్కువ. మూసిపెట్టిన గూడు తెల్లవారేసరికి అమోనియా వాసన కొడుతుంది, ఆ వాసనకు మన కళ్ళు మండాయంటే బాతు కళ్ళు రాత్రంతా మండినట్టే.

మన ఊళ్ళలో అసలు శత్రువు ముంగిస. ఆ తర్వాత వీధికుక్క, జంగపిల్లి, పాము. కోళ్ళకు వాడే పల్చటి వల కుక్క పళ్ళకు ఆగదు, దాని కన్నాల్లోంచి ముంగిస దూరుతుంది. అర అంగుళం కన్నాల వెల్డెడ్ జల్లెడ బిగించి, దాని అంచును నేలలోకి ఒక అడుగు దించి మట్టి కప్పండి. తలుపుకు గొళ్ళెం ఒక్కటే చాలదు. పైన ఒకటి, కింద ఒకటి పెట్టాలి.

పరుపుగా ఎండిన వరి ఊక మూడు నాలుగు అంగుళాల మందాన పోసి, పైన గడ్డి వేస్తే బాగుంటుంది. రోజూ తడిసిన చోటు తీసేసి కొత్త ఊక చల్లాలి. ఇక్కడ ప్రాంతీయంగా రెండు పొరపాట్లు చూశాను. పలాస వైపు చౌకగా దొరుకుతుందని జీడి తొక్కలు వేస్తారు. వాటి నూనె చర్మాన్ని కాలుస్తుంది, ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు. ఉద్దానంలో కొబ్బరి పీచు పరుస్తారు. పొడవాటి పోగులు పిల్లల కాళ్ళకు చుట్టుకుని రక్తం ఆడకుండా చేస్తాయి. వార్తాపత్రికలు కూడా వద్దు, పిల్లల కాళ్ళు జారి రెండు పక్కలకూ విడిపోతాయి.

ఆఖరి పని, చాలామంది మరిచిపోయేది: పెరడంతా వంగి నడుస్తూ మేకులు, తీగముక్కలు, సీసా పెంకులు, బ్యాటరీలు ఏరండి. మెరిసేదేదైనా బాతు మింగుతుంది, లోహపు ముక్క కడుపులో చేరితే విషమవుతుంది. రేకుల కప్పు వేయించిన ఇళ్ళలో స్క్రూలు తప్పకుండా దొరుకుతాయి. అయస్కాంతానికి తాడు కట్టి నేల మీద ఈడ్చితే పని సులువవుతుంది.

## 3. మొదటి నెల: వెచ్చదనం, నీరు

మొదటి వారం పిల్లలున్న చోట దాదాపు 32 డిగ్రీల వేడి ఉండాలి. ఆ తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ బయటి వాతావరణానికి తేవాలి. మన దగ్గర వేసవి పగలు బల్బే అక్కరలేదు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున మాత్రం రెండు మూడు వారాల పిల్లలకు కూడా కావాలి.

థర్మామీటరు కంటే పిల్లలను చూడటం నమ్మకమైన పద్ధతి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి కీచుమంటుంటే చలి. గోడలకు ఆనుకుని నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువ. చెరొకపక్క కాళ్ళు చాపి పడుకుంటే సరిగ్గా ఉన్నట్టు. బల్బును గొలుసుతో వేలాడదీసి, రెండో చోట కూడా కట్టండి. ఊక మీద పడితే నిమిషాల్లో అంటుకుంటుంది.

నీటి గిన్నె విషయంలో రెండు నియమాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, ముక్కు రంధ్రాలు మునిగేంత లోతు ఉండాలి: పిల్లలకు రెండు మూడు అంగుళాలు, పెద్దవాటికి అయిదారు అంగుళాలు. లేకపోతే ముక్కులో మేత గట్టిపడి, కళ్ళు పుసి కడతాయి. రెండవది, పిల్ల అందులోకి దిగి తడవకూడదు; గిన్నెలో గులకరాళ్ళు పేర్చితే ముక్కు దూరుతుంది, ఒళ్ళు దూరదు.

మేత పెట్టినప్పుడు నీరు తప్పనిసరి. బాతు ఒక ముద్ద తిని నీటిలో ముక్కు ముంచుతుంది. నీరు లేకుండా పొడి మేత తింటే గొంతులో అడ్డం పడుతుంది.

ఇక ఈత. బాతుపిల్ల పుట్టుకతో ఈదగలదు కనుక నీటిలో వదిలితే ఏమీ కాదని నేనూ అనుకున్నాను. తల్లి వెంట ఉన్న పిల్లలకు తల్లి ఈకల నూనె అంటుతుంది. మనం పెంచే పిల్లలకు అది ఉండదు. తోక మొదట్లోని నూనెగ్రంథి పనిచేసి, ఈకలు పూర్తిగా వచ్చేసరికి ఏడు నుంచి తొమ్మిది వారాలు పడుతుంది. నా మొదటి జతను పన్నెండో రోజున పెరట్లోని గోలెంలో వదిలి, ఫోన్ మోగితే లోపలికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఒక పిల్ల నూగు ఒంటికి అతుక్కుపోయి, నడుము దాకా మునిగి, మెడ మాత్రం పైకి పెట్టి ఉంది. అరచేతిలోకి తీసుకుంటే తడిగుడ్డ ముద్దలా చల్లగా తగిలింది. పొడిగుడ్డతో తుడిచి, బల్బు కింద పెట్టి సాయంత్రం దాకా కూర్చున్నా దక్కలేదు. రెండోది మూడు రోజులు దానికోసం అరిచింది. గోలెంలో మెట్లుగా ఇటుకలు పేర్చకపోవడం, పక్కన మనిషి లేకపోవడం, ఈ రెండూ నా తప్పులే.

కాబట్టి వారం దాటిన పిల్లలకు అయిదు నిమిషాలకు మించకుండా, గోరువెచ్చని నీటిలో, మనిషి పక్కనే ఉండి, నేల అందే లోతులో మాత్రమే ఆట. ఆ వెంటనే గుడ్డతో అద్ది, వెచ్చని చోట పెట్టాలి.

## 4. తిండి

మొదటి మూడు వారాలు మాంసకృత్తులు 20 శాతం ఉన్న మేత, ఆ తర్వాత 16 నుంచి 18 శాతం ఉన్నది ఇవ్వాలి. బాతుల మేత విడిగా దొరకనిచోట కోడిపిల్లల స్టార్టర్ మేత వాడవచ్చు, కానీ మందు కలపనిది అడిగి తీసుకోండి. కోళ్ళ కోసం లెక్కగట్టిన మందు, ఎక్కువ తినే బాతుపిల్లల ఒంట్లోకి ఎక్కువ మోతాదులో చేరుతుంది.

కోడిమేతతో ఇంకొక లోపం ఉంది: బాతుపిల్లకు నియాసిన్, అంటే బి3 విటమిన్, కోడిపిల్లకంటే ఎక్కువ కావాలి. కిలో మేతలో దాదాపు 55 మిల్లీగ్రాములు ఉండాలి. తగ్గితే మడమ కీలు వాచి, కాళ్ళు విల్లులా వంగుతాయి, పిల్ల కూర్చునే ఉంటుంది. కిలో మేతకు 50 గ్రాముల చొప్పున ఎండు ఈస్ట్ పొడి కలిపితే ఈ లోటు తీరుతుంది. రొట్టెలు పొంగించడానికి వాడే బతికున్న ఈస్ట్ కాదు, పోషకంగా అమ్మే పొడి. లక్షణాలు కనిపించిన మొదటి రోజుల్లోనే సరిదిద్దితే కాళ్ళు నిలబడతాయి. ఆలస్యమైతే వంకర అలాగే ఉండిపోతుంది.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం బూజు. బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం, కోళ్ళు తట్టుకునేదానికంటే చాలా తక్కువ మోతాదులో ఉన్నా బాతులు తట్టుకోలేవు. మన జిల్లాల్లో మొక్కజొన్న, వేరుశనగ చెక్క చౌకగా దొరుకుతాయి, వానాకాలం సంచిలో ముక్కిపోతాయి కూడా. ఎండలో ఆరబోసినా, ఉడికించినా ఆ విషం పోదు. కాబట్టి నా ఇంట్లో వేరుశనగ చెక్క పూర్తిగా మానేశాను. మొక్కజొన్న కొన్నా పదిహేను రోజులకు సరిపడా మాత్రమే కొంటాను.

పెద్ద బాతుకు రోజుకు సుమారు 150 గ్రాముల మేత. దానితోపాటు పెరటి తిండిగా:

- సన్నగా తరిగిన తోటకూర, బచ్చలి, నీటిమీద పెరిగే అజొల్లా మొక్క.
- నానబెట్టిన బఠాణీలు, ఉడికించిన చోళ్ళు (రాగులు), తౌడు కలిపిన నూకలు.
- నత్తలు, వానపాములు. పురుగుమందు కొట్టని చోటివి మాత్రమే.
- ముతక ఇసుక ఎప్పుడూ అందుబాటులో. అరగడానికి ఇది అవసరం.
- గుడ్లు పెట్టేవాటికి ఆలిచిప్పల పొడి వేరే గిన్నెలో. మేతలో కలిపితే అవసరం లేనిదానికీ అందుతుంది.

పెట్టకూడనివి: పచ్చళ్ళు, ఉప్పు వేసిన మిగులు కూరలు, ఉల్లి, చాక్లెట్, రొట్టెముక్కలు. తీరం వెంబడి ఇళ్ళలో ఎండుచేపలు వేస్తుంటారు. ఉప్పు పట్టించిన చేప బాతుకు ప్రమాదం. ఉప్పు లేకుండా ఎండబెట్టినదైతే కొంచెం పెట్టవచ్చు.

## 5. మచ్చిక: అయిదు దశలు

మా పక్కింటి మామ్మగారు ఒకరోజు గోడమీంచి నన్ను చాలాసేపు గమనించి అన్న మాట ఈ పని మొత్తానికి తాళంచెవి. "అమ్మీ, నీ మాటింటే వొస్తన్నాయి, నీ సెయ్యి సూస్తే ఎల్లిపోతన్నాయి. పైనుంచి సెయ్యెడితే గద్దొచ్చినట్టుంటాది గదే దానికి!" నిజమే. బాతుకు కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి, పైనుంచి వచ్చే నీడను అది చావుగానే గుర్తిస్తుంది. తల పక్కకు వంచి ఒంటికన్నుతో ఆకాశం చూస్తుందంటే గద్దను వెతుకుతోందని అర్థం. మన చేయి ఎప్పుడూ కిందనుంచి, పక్కనుంచి, అరచేయి తెరిచి రావాలి.

మొదటి దశ (1–3 రోజులు): ముట్టుకోకుండా ఉండటం. రోజుకు రెండుసార్లు, ఒకే వేళకు, పీట మీద కూర్చోండి. నిలబడకండి. మేత గిన్నె మీకు నాలుగడుగుల దూరంలో పెట్టండి. ఒకే పిలుపు వాడండి. మా ఇంట్లో "బా బా బా". ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కొక్క రకంగా పిలిస్తే బాతుకు ఏ పిలుపూ మేతతో ముడిపడదు.

రెండవ దశ (4–10 రోజులు): దూరం తగ్గించడం. గిన్నెను రోజుకు అరడుగు చొప్పున మీవైపు జరపండి. తర్వాత వెడల్పు పళ్ళెంలో నీళ్ళు పోసి నాలుగు బఠాణీలు వేసి, చేతివేళ్ళు అదే నీటిలో ఉంచండి. నీటిలో వెతుక్కునేటప్పుడు బాతు భయం సగానికి తగ్గుతుంది. పొడి అరచేతికి రాని బాతు నీళ్ళలో ఉన్న చేతికి వస్తుంది.

నా దగ్గర ఇప్పుడున్న జతలో ఒకటి పిరికిది. తొమ్మిదో రోజున అది మెడ సాగదీసి, కాళ్ళు మాత్రం వెనకడుగుకు సిద్ధంగా ఉంచి, నా చిటికెన వేలి పక్కనున్న గింజను తీసుకుంది. ముక్కు అంచున దువ్వెన పళ్ళలాంటి గీతలు చర్మానికి గరుకుగా రాసుకున్నాయి, ముక్కు చివరి నుంచి కారిన బురదనీరు నా అరచేతి గీతల్లోకి దిగింది. ఆ క్షణంలో చేయి కదిపితే తొమ్మిది రోజుల పనీ పోతుంది. కదపలేదు.

మూడవ దశ (2–4 వారాలు): స్పర్శ. అరచేతిలో తింటున్నప్పుడు రెండో చేతి వేళ్ళ వెనుకభాగంతో రొమ్మును ఒక్క క్షణం తాకి తీసేయండి. తల, వీపు ఇప్పుడే వద్దు. బాతు దూరం జరిగితే మీరు తొందరపడ్డట్టు. మరుసటి రోజు మళ్ళీ రెండవ దశ నుంచి మొదలుపెట్టండి.

నాలుగవ దశ (రెండవ నెల): ఎత్తుకోవడం. ఒక చేయి రొమ్ము కిందికి, రెండో చేయి రెక్కలు మూసి ఉండేలా పైనుంచి కాకుండా పక్కనుంచి చుట్టి, ఒంటిని మీ నడుముకు ఆనించండి. పాదాలకు అరచేయి ఆధారం ఉంటే తన్నుకోదు. మెడ, కాళ్ళు, రెక్కలు పట్టి ఎత్తితే కీలు తప్పుతుంది. మొదట పది సెకన్లు, ఆపైన ఒక ఇష్టమైన గింజ, వెంటనే నేలమీదికి. గింజుకుంటున్నప్పుడు దించకండి, ఒక్క క్షణం నెమ్మదించాక దించితే, నెమ్మదిస్తే దింపుతారని నేర్చుకుంటుంది.

అయిదవ దశ: పిలుపుకు గూడు చేరడం. సాయంత్రం ఒకే వేళకు గూటిలో మేత పెట్టి పిలవండి. రెండు మూడు వారాల్లో అవే వరుసగా వస్తాయి. వెంబడించి గూట్లోకి తోలిన బాతు మరునాడు మిమ్మల్ని తోలేవారిగానే చూస్తుంది. అలాగే వెదురు గంపలో అప్పుడప్పుడు మేత పెట్టి దానికీ అలవాటు చేయండి. ఆసుపత్రికి, తుపానుకు ఈ అలవాటు అక్కరకొస్తుంది.

జతను విడదీసి ఒక్కొక్కదానికి నేర్పాలనుకోవడం పెద్ద పొరపాటు. ఒకటి కనబడకపోతే రెండోది తిండి మాట మరిచిపోతుంది. రెంటినీ కలిపే ఉంచి, పిరికిదాని వేగాన్నే జత వేగంగా తీసుకోండి. ధైర్యమున్నదానికి ఎడమచేతిలో, పిరికిదానికి కుడిచేతిలో పెడితే పోటీ ఉండదు.

బాతు చెప్పేవి గుర్తించండి:

- తల పైకీ కిందికీ ఆడించడం, తోక వేగంగా ఊపడం: సంతోషం, పలకరింపు.
- బట్టలను, వేళ్ళను మెల్లగా నమలడం: పరీక్షించడం, చనువు.
- మెడ నిలువుగా చాచి కదలకుండా ఉండటం: ప్రమాదం పసిగట్టింది, మీరూ ఆగండి.
- నోరు తెరిచి బుసకొట్టడం, మెడ నేలకు వంచి దూసుకురావడం: దూరం కావాలని అడగడం.
- మీ పక్కన ఒక కాలు ముడిచి, ముక్కు వీపు ఈకల్లో దాచుకోవడం: పూర్తి నమ్మకం. ఒక కన్ను తెరిచి ఉన్నా అది నిద్రే.

పెద్ద వయసులో కొన్న బాతులకు ఇదే క్రమం, కాలం మాత్రం రెండు మూడు రెట్లు. కొన్ని చేతిలో తింటాయి, మీ వెంట నడుస్తాయి, ఎత్తుకోవడం మాత్రం ఎన్నటికీ ఒప్పుకోవు. వాటిని అలాగే ఒప్పుకోవాలి.

## 6. తరచుగా ఎదురయ్యే చిక్కులు, సవరణలు

ఒకప్పుడు దగ్గరికి వచ్చి ఇప్పుడు దూరం పోతోంది. ముందు ఆరోగ్యం చూడండి, తర్వాత ఈకలు చూడండి. ఏడాదికొకసారి ఈకలు రాల్చే కాలంలో కొత్త ఈక మొదళ్ళలో రక్తం ఉంటుంది, తాకితే నొప్పి. ఆ కొద్ది వారాలు ఎత్తుకోవడం ఆపి, మాంసకృత్తులు పెంచండి.

మగబాతు కాళ్ళు కరుస్తోంది. జత కట్టే కాలంలో ఇది మామూలు. తన్నడం, అదిలించడం పోట్లాటగా భావిస్తుంది. వెనక్కి తగ్గకుండా నిలబడి, మరీ మీదికొస్తే ఎత్తి చంకన పెట్టుకుని రెండు నిమిషాలు నడవండి.

పిల్లలు వెంటపడుతున్నారు. పీట మీద కూర్చున్న పిల్లల చేతికే గింజ అన్న నియమం పెట్టండి. ముద్దులు వద్దు, బాతులు ఆరోగ్యంగా కనిపించినా సాల్మొనెల్లా అనే రోగక్రిమిని మోయవచ్చు కనుక ఆడిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించండి.

గుడ్లు ఎక్కడపడితే అక్కడ పెడుతోంది. ఆడబాతు అయిదు నెలలు దాటాక గుడ్లు మొదలుపెడుతుంది, దాదాపు అన్నీ తెల్లవారుజాము నుంచి తొమ్మిది లోపలే పెడుతుంది. గూటి మూలలో గడ్డి గుంట చేసి, ఉదయం తలుపు కాస్త ఆలస్యంగా తీయండి.

## 7. ఆరోగ్యం: వారానికొకసారి చేయవలసిన పరీక్ష

చేతికి అలవాటైన బాతుకు ఈ పరీక్ష అయిదు నిమిషాల పని. అలవాటు లేనిదానికి అదొక యుద్ధం, ఆ కంగారే జబ్బును పెంచుతుంది.

- పాదం అడుగున నల్లటి పొక్కు ఉందా? గచ్చు మీద తిరిగే బరువైన బాతులకు వస్తుంది. నేల మెత్తబరచి, వైద్యునికి చూపించండి.
- రొమ్ము ఎముక కత్తి అంచులా తగులుతోందా? బరువు తగ్గుతోంది.
- ఈకలు నీటిలో తడిసిపోతున్నాయా? స్నానపు నీరు మురికిదై ఉంటుంది, లేదా నూనెగ్రంథి పనిచేయడం లేదు.
- గుడ్డు పెట్టే ఆడబాతు తోక పైకి కిందికి ఊపుతూ ముక్కుతోందా? గుడ్డు అడ్డం పడి ఉండవచ్చు. అదే రోజు వైద్యం అందాలి.
- మెడ వాలిపోయిందా? వేసవిలో కుళ్ళిన నీటిలోని విషం ఇలా చేస్తుంది. గంటలు కూడా ఆగకూడదు.

బాతు ప్లేగు టీకా గురించి రెండు నెలల వయసు రాగానే పశువైద్యులను అడగండి. ఊరి రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకులను సంప్రదించవచ్చు, సంచార పశువైద్య సేవకు 1962 నంబరు ఉంది, గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. కోళ్ళకిచ్చే మందు మిగిలిందని సొంతంగా వేయకండి.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళ ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. నీటిపక్షుల ద్వారా ఆ వైరస్ దూరాలు ప్రయాణిస్తుంది. శ్రీకాకుళం జిల్లాలోని తేలినీలాపురం, తేలుకుంచి చుట్టుపక్కల వలస పక్షులు దిగే కాలంలో పెంపుడు బాతులను ఊరి చెరువుకు వదలకండి, మేత గిన్నెలను కప్పు కింద పెట్టండి. ఉన్నట్టుండి పక్షులు చనిపోతే చేతితో తాకకుండా అధికారులకు తెలపండి.

## 8. రోహిణి కార్తె, తుపాను

వేసవిలో బాతు నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలు ఒంటికి ఎడంగా పట్టుకుంటే వేడి తగిలినట్టు. నీడలో చల్లని నీటి తొట్టిలో కాళ్ళు మునిగేలా నిలబెట్టండి. పాదాల ద్వారా వేడి బాగా దిగుతుంది. గోలెంను కొబ్బరి, అరటి మొదట్లో పెడితే మార్చిన నీరు చెట్టుకు పోతుంది, నీడా దొరుకుతుంది.

2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ చూసినవారికి గాలివాన సంగతి చెప్పనక్కరలేదు. హెచ్చరిక వచ్చిన రోజే ఈ పనులు చేయండి:

- బాతులను గంపలో ఇంటిలోపలికి తేవడం; కొబ్బరిచెట్ల కింది గూడును నమ్మవద్దు.
- నాలుగు రోజుల మేత డబ్బాలో, మంచినీరు బిందెల్లో నిల్వ.
- గంపమీద గుడ్డ కప్పి చీకటి చేయడం. చీకట్లో శబ్దానికి తక్కువ బెదురుతాయి. దీపావళి రాత్రికి కూడా ఇదే ఉపాయం.
- గాలి తగ్గాక నిలిచిన వరదనీటిలోకి వదలకపోవడం, పెరట్లో రేకులముక్కలు, మేకులు మళ్ళీ ఏరడం.

## 9. జతలో ఒకటి పోతే

సరిగ్గా చూసుకుంటే బాతులు ఎనిమిది, పదేళ్ళు బతుకుతాయి, కానీ రెండూ ఒకే రోజు పోవు. మిగిలినది కొన్ని రోజులు గూడు చుట్టూ తిరుగుతూ పిలుస్తుంది, మేత తగ్గిస్తుంది. ఆ రోజుల్లో పీట దానికి దగ్గరగా వేసుకుని, వేళలు మార్చకుండా, రెండుపూటలూ ఎక్కువసేపు కూర్చోండి. కానీ మీ తోడు మరో బాతు తోడుకు బదులు కాదు. రెండు వారాలు దాటకుండా ఇంకొకదానిని వెతకండి.

కొత్తదానిని జబ్బులేమైనా బయటపడతాయేమోనని దూరంగా వేరే చోట రెండు, మూడు వారాలు ఉంచాలి. ఆ తర్వాత వారం రోజులు ఇద్దరి మధ్య జల్లెడ ఉంచి, మేత గిన్నెలను దానికి అటొకటి ఇటొకటి ఆనించి పెట్టండి. పక్కపక్కనే తింటూ, జల్లెడకు చెరొకవైపు ఆనుకుని పడుకోవడం కనిపించిన రోజున, సాయంత్రం మేతవేళ జల్లెడ తీయండి. మొదట కాసేపు మెడలు పట్టుకుని నెట్టుకుంటాయి. రక్తం కారనంతవరకు మధ్యలోకి వెళ్ళకండి. రెండు గిన్నెలు, రెండు నీటి పళ్ళేలు ఎడంగా పెట్టి, మీరు పీట మీద కూర్చుని, పాత పిలుపుతోనే ఇద్దరినీ పిలవండి.